సోనాపూర్ గట్టున గాలాలు: ఇంటిల్లిపాది ప్రాజెక్టు డైరీ

జనవరి, సంక్రాంతి వెళ్ళాక

లెక్క ఇలా తేలింది. పెద్దవాళ్ళం ఆరుగురం, పిల్లలు ముగ్గురు, రాడ్లు రెండే. ఆ రెండూ కూడా మా ఒడియా స్నేహితుడివి, సముద్రం ఒడ్డు నుంచి విసరడానికి చేసిన 12 అడుగుల రాడ్లు. ఇద్దరం విసురుతూ ఉంటే మిగతా ఏడుగురూ జంతికలు నములుతూ మమ్మల్ని చూడాలి. అలాంటి విహారానికి మా ఇంట్లో ఒకసారి ఒప్పుకుంటారు, రెండోసారి ఎవరూ బండెక్కరు.

అందుకని పని రెండు ముక్కల్లో పెట్టుకున్నాను. మాఘ పౌర్ణమి లోపల, చేతనైనంతవరకు షాపులో పడి ఉన్న సామానుతోనే, పిన్ని దగ్గర్నుంచి పిల్లల దాకా పట్టుకోగలిగిన గాలాలు తయారుచెయ్యాలి. వాటిని ఉప్పునీటి ఒడ్డున వేసి చూడాలి. షాపంటే బరంపురంలో నా మోటారు వైండింగ్ షాపు. రాగి తీగ, నట్లు, పైపు ముక్కలు, ఎం-సీల్, ఇవి అక్కడ ఎప్పుడూ ఉంటాయి.

చోటు దగ్గర కొంత వాదన జరిగింది. గోపాల్‌పూర్ దగ్గరే, కానీ ఆదివారం స్నానాలు చేసే జనం మధ్య హుక్కులు విసరడం నాకు ఇష్టం లేదు. ఋషికుల్యా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర చేపలుంటాయని స్నేహితుడు పట్టుబట్టాడు. ఉంటాయి, కాదనను. కానీ ఇది తాబేళ్ళ కాలం. ఆలివ్ రిడ్లీలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ ఒడ్డుకే గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ మొగ ఎదురుగా సముద్రంలో 20 కిలోమీటర్ల లోపు మరపడవల వేటనే ఆపేస్తారు. ఒడ్డున వేసే గాలం మరపడవ కాదు నిజమే, అయినా తెల్లారకముందే టార్చిలైట్లతో, పిల్లల కేకలతో అక్కడికి వెళ్ళడం బాగుండదు.

చివరికి సోనాపూర్ ఖాయమైంది. బాహుదా నది సముద్రంలో కలిసేది అటే. బావ ఇచ్ఛాపురం నుంచి నేరుగా వచ్చేస్తాడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు బరంపురం ఇటు వచ్చింది, ఇచ్ఛాపురం అటు ఉండిపోయింది. మా రెండు కుటుంబాలకీ నడిమధ్య సరిహద్దు అదే. పైగా ఈ గంజాం తీరంలో వేటాడే నోళియాల ఇంట్లో మాట తెలుగే. దారి అడగాలన్నా, మందలించుకోవాలన్నా మధ్యలో ఒకడు తర్జుమా చెయ్యక్కర్లేదు.

జనవరి, గుండ్లు

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచన గుండ్ల మీదే పెట్టాను. అలల్లో ఎర నిలబడాలంటే బరువు కావాలి. బజారులో దొరికేది సీసం. సీసం కరిగించి పోయడం నాకు తెలిసిన పనే, కానీ ఆ పొగ మంచిది కాదు. చిన్న గుండుని పంటితో నొక్కి దారానికి బిగించే అలవాటు మనలో చాలామందికి ఉంది, పిల్లలు అదే చూసి నేర్చుకుంటారు. కాబట్టి సీసం వద్దనుకున్నాను.

సిమెంటుతో పోద్దామని బావ ఫోనులో సలహా ఇచ్చాడు. ఖర్చు లేదు, కానీ లెక్క కుదరదు. నీళ్ళలో మునిగిన వస్తువు తాను తొలగించిన నీటి బరువంత తేలికవుతుంది కదా. గట్టిపడిన సిమెంటు కాంక్రీటు నీటికి రెండున్నర రెట్ల కన్నా కాస్త తక్కువే తూగుతుంది. గాలిలో 100 గ్రాములున్న సిమెంటు గుండు ఉప్పునీటిలో 57 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. అదే బరువు సీసానికి 91 గ్రాములు మిగులుతాయి, ఇనుముకి 87. సీసానికీ ఇనుముకీ తేడా ఇంతే. ఇక ఇనుము ఉండగా సీసం ఎందుకు?

ఎం-16 నట్టు, అంటే 16 మిల్లీమీటర్ల బోల్టుకి పట్టేది, ఒక్కోటి సుమారు 33 గ్రాములు. మూడు ఒకదాని మీద ఒకటి పేర్చితే 100 గ్రాముల గుండు. రెండు రాగి తీగల్ని సగానికి మడిచి మధ్య కన్నంలోంచి దూర్చి, పైన మడతలు కలిపి చెవిలా మెలేశాను. కింద నాలుగు కొసల్నీ నాలుగు వైపులకి వంచి కాళ్ళు చేశాను. కన్నంలో మిగిలిన ఖాళీని ఎం-సీల్‌తో నింపేశాను. ఆ కాళ్ళే ఇసుకలో దిగబడి గుండుని పట్టి ఉంచుతాయి. తీగ 14 గేజీది, అంటే రెండు మిల్లీమీటర్లు. స్టీలు తీగ పెడితే గట్టిగా ఉంటుంది, కానీ లాగేటప్పుడు వదలదు. రాగి మెత్తన. బలంగా లాగితే కాళ్ళు తిన్నగా సాగి గుండు బయటికొచ్చేస్తుంది, మళ్ళీ చేత్తో వంచుకోవాలి. పక్కింటివాళ్ళు ఇల్లు కట్టడానికి పోయించిన ఇసుక గుట్టలో పాతి, లగేజీ తూచే స్ప్రింగు కాటాతో లాగి చూశాను. పదేళ్ళ పిల్ల లాగినా ఊడి వచ్చేలా కాళ్ళ పొడవు తగ్గించుకుంటూ వచ్చాను. తుప్పు పడుతుంది, పట్టనీ. తెగి సముద్రంలో పోయినా నట్టూ రాగీ పోతాయి, సీసం పోదు.

జనవరి చివర, స్టాండ్లు, చేతి గాలాలు

స్టాండ్లకి రెండంగుళాల పీవీసీ పైపు నాలుగడుగుల ముక్కలు కోశాను. ఒక కొస ఏటవాలుగా, ఇసుకలో దిగేట్టు. పై కొస నుంచి అడుగు కిందకి అడ్డంగా ఒక బోల్టు. రాడ్ పిడి ఆ బోల్టు మీద ఆగుతుంది, అడుక్కి వెళ్ళి ఇసుక తినదు. సుత్తితో కొడితే పైపు పగులుతుంది కాబట్టి నిలబెట్టి, లోపలికి నీళ్ళు పోస్తూ అటూ ఇటూ ఊపితే తనే దిగుతుంది. బోర్లు దింపేవాళ్ళ కిటుకు ఇది.

చేతి గాలానికి రీలు ఖాళీ నీళ్ళ సీసా. కాస్త దళసరివి ఏరి, 0.60 మిల్లీమీటర్ల నైలాన్ దారం 60 మీటర్ల చొప్పున చుట్టాను. సన్నదారం చేతిని కోస్తుంది, చేతి గాలానికి లావు దారమే మర్యాద. విసిరేటప్పుడు సీసా మూతిని సముద్రం వైపు చూపిస్తే చుట్లు వాటంతట అవే జారిపోతాయి. చూపుడు వేలికి పాత సైకిలు ట్యూబు ముక్క తొడుగు. రాడ్లకి మాత్రం 0.35 దారం సరిపోతుంది. కానీ దాని కొసన రాడ్ పొడవుకి రెండింతలు లావు దారం ముడివెయ్యాలి. 100 గ్రాముల బరువుని రాడ్ బలంతో విసిరినప్పుడు మొదటి కుదుపు తినేది ఆ ముక్కే. అది లేకుండా విసిరితే దారం ఫట్‌మని తెగి గుండు ఎవరి తల మీదకైనా పోవచ్చు. ఒడ్డు నుంచి వేసే వేటలో నేను భయపడేది చేప ముల్లుకి కాదు, దీనికి.

హుక్కులు అన్నీ సర్కిల్ హుక్కులే. మొన లోపలికి తిరిగి ఉంటుంది. చేప ఎర నోట్లో పెట్టుకుని తిరిగిపోతుంటే పెదవి మూలన తనంతట తనే పడుతుంది. వేట రానివాళ్ళకి, ముఖ్యంగా పిల్లలకి ఇదే నయం, ఎందుకంటే ఎప్పుడు లాగాలా అని చూసుకోనక్కర్లేదు. చేప కడుపులోకి దిగడం కూడా అరుదు, వదిలేద్దామనుకుంటే బతుకుతుంది. కింద గుండు, దానిపైన జానెడు కొమ్మల్లా రెండు హుక్కులు, అంతే అమరిక.

చేప తాకిందని తెలియడానికి రాడ్ కొసన గజ్జె కట్టాలి. అమ్మాయి డాన్సు గజ్జెల్లోంచి రెండు ఊడదీశాను. ఈ సంగతి ఇంట్లో ఇంకా తెలీదు.

పౌర్ణమి రోజు మధ్యాహ్నం

ఈసారి పౌర్ణమి శనివారం పడింది. షాపు కుర్రాడికి అప్పజెప్పి మధ్యాహ్నం నీళ్ళు తగ్గే పాటు వేళకి ఒక్కణ్ణే సోనాపూర్ వెళ్ళాను. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్ళు బాగా వెనక్కి పోతాయి. మిగతా రోజుల్లో మునిగి ఉండే నేల అప్పుడు కనిపిస్తుంది. వేట రోజు కన్నా నాకు ఈ రోజే ముఖ్యం.

ఒడ్డున నిలబడి చూస్తే సముద్రమంతా ఒకేలా ఉన్నట్టుంటుంది. కాసేపు కదలకుండా కూర్చుంటే విడిపోతుంది. అల దూరంగా తెల్లగా విరిగే చోట కింద ఇసుక తిన్నె ఉంది, లోతు లేదు. ఆ తిన్నెకీ ఒడ్డుకీ మధ్య రంగు చిక్కగా ఉండి, అల విరగకుండా ఊరికే పైకి లేచి దిగే పట్టీ ఒకటి ఉంటుంది. అది గాడి. అలలు ఇసుకలోంచి లేపిన పురుగూ, చిన్న పీతా, రొయ్య పిల్లా కొట్టుకొచ్చి పడేది అందులోనే, చేప తిరిగేదీ అందులోనే. ఆ మధ్యాహ్నం గాడి నేను నిలబడ్డ చోటికి పాతిక మీటర్లు కూడా లేదు. చేతి గాలం హాయిగా అందుతుంది. ఇంటిల్లిపాదికీ సీసా గాలాలు చాలుతాయన్న నా ధీమాకి ఆధారం ఇదే.

అయితే ఇంకొకటి కూడా కనిపించింది. తిన్నె ఒక చోట తెగి ఉంది. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ గాడిలో పక్కకి జారి, ఆ సందులోంచి సముద్రంలోకి ఒక్కసారిగా పోతున్నాయి. అక్కడ అల విరగదు, నురగ లోపలికి పోతూ ఉంటుంది, నీళ్ళు మట్టిరంగు. తెలియనివాళ్ళకి అదే అన్నిటికన్నా నెమ్మదైన చోటులా కనిపిస్తుంది, పిల్లల్ని దింపేది అక్కడే. నడుం లోతులో ఉన్నవాణ్ణి కూడా ఈడ్చుకుపోతుంది. చిక్కినవాడు ఒడ్డు వైపు ఎదురీదకూడదు, అలసిపోతాడు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, ఆ ప్రవాహం దాటాక ఒడ్డుకి రావాలి. ఆ సందు పక్కనే గాలం వేస్తే మంచి చేప పడుతుంది, ఎందుకంటే మేతంతా అటే పోతుంది. అంటే రేపు మేం గాలాలు వెయ్యాల్సిన చోటూ, పిల్లలు కాలు పెట్టకూడని చోటూ ఒకటే.

కాబట్టి రేపటి ఏర్పాటు ఇది: సందుకి ఇరవై అడుగులు దక్షిణంగా రాడ్ల స్టాండ్లు, ఇంకా దక్షిణంగా చేతి గాలాలు. తడి ఇసుక మొదలయ్యే చోట రెండు గునపాల మధ్య నీలం తాడు. పోటు ఎక్కేకొద్దీ తాడు వెనక్కి జరుపుతాం. పిల్లలు తాడు దాటరు. దాటితే వేట అప్పటికప్పుడు ఆపేస్తామని ముందే చెప్పాలి, చెప్పి ఆపాలి కూడా.

వచ్చేముందు వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళ దగ్గర కూర్చున్నాను. రేపు అలివి ఎక్కడ లాగుతారో కనుక్కోకుండా గాలం వెయ్యకూడదు. అలివి అంటే పడవలో తీసుకెళ్ళి సముద్రంలో చుట్టూ తిప్పి, రెండు కొసలూ ఒడ్డు నుంచి మనుషులు లాగే పెద్ద వల.

“ఇటేపు మేం లాగుతాం బాబూ. ఆ తాడిచెట్టు దాటి అవతలకి ఎల్లిపోండి. మీ హుక్కులు మా వల్లో పడ్డాయంటే ఇప్పుకునేసరికి సాయంత్రమైపోద్ది” అన్నాడు అందులో పెద్దాయన. నేను చూసుకున్న చోటు తాడిచెట్టుకి అవతలే ఉంది. ఇబ్బంది లేదు.

అదే రాత్రి, ఎర

రొయ్యలు మధ్యరకం, ఒక కిలో. తలలు తీసేసి, పెంకు ఉంచి, కల్లుప్పులో దొర్లించి డబ్బాలో పెట్టాను. ఉప్పు నీళ్ళని లాగేస్తే కండ గట్టిపడుతుంది, విసిరినప్పుడు హుక్కు మీంచి జారదు. అయినా అలల తాకిడికి పీలికలవుతుందని దారం చుడతారు. మా ఆవిడ మేనమామగారింట్లో పట్టుచీరలు నేస్తారు, మగ్గం దగ్గర మిగిలిన పట్టుపోగులు ఒక సంచీడు అడిగి తెచ్చుకున్నాను. బరంపురం పట్టు రొయ్యకి చుడుతున్నానని తెలిస్తే ఆయన ఏమంటాడో. సన్నగా, గట్టిగా, ముడి లేకుండానే అంటుకుని నిలుస్తుంది. కవళ్ళు అనే చిన్న చేపలు కూడా కొన్ని కొన్నాను, అడ్డంగా ముక్కలు కోసి.

ఫ్లాస్కు నిండా వేణ్ణీళ్ళు, కటింగ్ ప్లయరు, పాత తువ్వాలు. ఈ మూడూ జెల్లల కోసం.

ఆదివారం

తెల్లారేసరికి సోనాపూర్‌లో ఉన్నాం. పోటు ఎక్కుతోంది, నేను కోరుకున్నదీ అదే. గాలి ఇంకా పుట్టలేదు.

బావ తన చోటు తను చూసుకున్నాడు. ఆయనకి దూరం కావాలి. స్నేహితుడి రాడ్ తీసుకుని, వెనక్కి వంగి, ఒళ్ళంతా తిప్పి విసిరాడు. గుండు దూరంగా తిన్నె మీద ఎక్కడో పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నిజంగా చూడముచ్చటైన విసురు. అక్కడ లోతు లేదని నాకు తెలుసు, కానీ ఆడపడుచు మొగుడికి ఇసుక దగ్గర పాఠం చెప్పేంత ధైర్యం నాకు లేదు. ఆయన దూరంగా, పిన్ని దగ్గరగా. ఎవరి నమ్మకం వాళ్ళది.

చేతి గాలాలు విసరడం పెద్దవాళ్ళ పని, పట్టుకోవడం పిల్లల పని అని పంచుకున్నాం. తల చుట్టూ తిప్పి వదిలేటప్పుడు వెనక ఎవరూ ఉండకూడదు. సీసాలు బాగానే పనిచేశాయి. కాళ్ళ గుండు దిగబడింది. కానీ దారం మీదకి సముద్రపు నాచు చుట్టుకుని బరువెక్కుతుంటే పిల్లలు అది చేపేనని ప్రతిసారీ కేక పెట్టారు.

మొదటి నిజమైన చేప పిన్నిది. చీర చెంగు నడుముకి దోపుకుని, సీసా ఒళ్ళో పెట్టుకుని, దారం వేలి మీద వేసుకుని కూర్చుంది. “ఇదేదో మాటిమాటికీ గిల్లుతోందిరా” అంది. లాగొద్దు, ఊరికే చుట్టుకుంటూ రమ్మన్నాను. గొరక. అరచేతి కన్నా పెద్దది, ఇసుకలో పడగానే గొరగొరమని చప్పుడు చేసింది. పొట్టలోని గాలితిత్తిని కండరాలతో కొట్టి ఆ శబ్దం చేస్తాయి ఈ జాతి చేపలు. మా చిన్నవాడికి చేప పడిందన్న దానికన్నా చేప అరిచిందన్నదే ఎక్కువ సంబరం.

ఆ తరవాత గాడి మేలుకుంది. గొరకలు, జెల్లలు, ఒక చిన్న పార చేప. గజ్జెలు అల తగిలినా మోగుతున్నాయి, చేప తగిలినా మోగుతున్నాయి. కాసేపటికి చెవి పట్టుకుంది. అల లాగితే నెమ్మదిగా సాగదీసినట్టు, చేప కొడితే తడబడినట్టు. బావ మాత్రం గజ్జె మోగగానే రాడ్‌ని ఆకాశానికి ఎత్తేవాడు. సర్కిల్ హుక్కుకి ఆ పని పనికిరాదు, మొన పట్టకముందే నోట్లోంచి ఊడొచ్చేస్తుంది. పాత అలవాటు, చెయ్యి ఊరుకోదు.

జెల్లల సంగతి కాస్త వివరంగా రాసుకోవాలి. వీపు మీద ఒకటి, రెండు రెక్కల దగ్గర రెండు, మొత్తం మూడు ముళ్ళు, రంపపు పళ్ళతో. వాటికి విషం ఉంటుంది. ప్లయరుతో హుక్కు తిప్పి వదిలించాలి, చేప మీద తువ్వాలు వేసి పట్టుకోవాలి. స్నేహితుడు రెండూ చేశాడు, కానీ బుట్టలో పడేసిన చేప ఎగిరి బొటనవేలికి గుచ్చింది. నొప్పికి మనిషి కూలబడిపోయాడు. ఫ్లాస్కులో నీళ్ళకి చల్లనీళ్ళు కలిపి, చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడిలో వేలు పెట్టించాం. ఆ విషం వేడికి విరిగిపోయే రకం, నొప్పి తగ్గుతుంది. వేడి ఎంతుందో గుచ్చుకున్న చెయ్యి చెప్పలేదు, రెండో చేత్తో చూసుకోవాలి, లేకపోతే బొబ్బలెక్కుతాయి. అరగంటకి పైనే ఉంచాడు, మాట వచ్చింది. బరంపురం చేరాక డాక్టరుకి చూపించి టెటనస్ ఇంజెక్షను వేయించుకున్నాడు. ముల్లు ముక్క లోపల ఉండిపోతే చీము పడుతుంది కాబట్టి ఆ చూపించడం తప్పదు.

టేకు చేప పిల్ల ఒకటి బావ రాడ్‌కే పడింది, అదీ ఆయన విసుగొచ్చి దగ్గరగా వేసినప్పుడు. తోక మొదట్లో ముల్లు ఉంటుంది. దాన్ని ఒడ్డు దాకా లాగకుండా, హుక్కు దగ్గర దారం కత్తిరించి వదిలేశాం. టేకులు ఇసుకలో పడుకుంటాయి కనుక పిల్లల్ని కడగడానికి మోకాటి లోతుకి తీసుకెళ్ళినా పాదాలు ఎత్తి వెయ్యొద్దు, ఈడుస్తూ నడవమన్నాను.

పోటు నిండేసరికి తాడు చాలా వెనక్కి వచ్చేసింది. అవతల అలివి ఒడ్డుకి చేరుతోంది. పిల్లలు గాలాలు వదిలేసి అటు పరిగెత్తారు, తాడు లాగేవాళ్ళలో దూరి లాగారు. మా వేట అక్కడితో సరి. చేపలు తొమ్మిదిమందికి కూరకి సరిపోయాయి, ఫొటోకి సరిపోలేదు. గొరకలు స్నేహితుడి భార్య ఆవపిండితో బెసర అనే ఒడియా కూరగా చేసింది, జెల్లలు పిన్ని మామిడికాయ పులుసు పెట్టింది. రెండు వంటలూ ఒకే పందిట్లో పోటీ పడ్డాయి. తీర్పు చెప్పమని నన్ను అడిగారు, చెప్పలేదు.

సోమవారం, షాపులో

రీళ్ళు మంచినీళ్ళలో కడిగాను, ముందు డ్రాగు (రీలు బ్రేకు) బిగించి, కడిగి ఆరాక వదులు చేసి. పైపు నీళ్ళు బలంగా కొట్టకూడదు, ఉప్పూ ఇసుకా బేరింగులోకి తోసుకుపోతాయి. గంజాం ఇసుకలో నల్లటి ఇల్మనైటూ, ఎర్రటి గార్నెట్టూ ఉంటాయి. ఛత్రపూర్ దగ్గర ఆ ఇసుక కోసమే కర్మాగారం ఉంది. గార్నెట్టుని కాగితం మీద అంటించి ఉప్పుకాగితంగా చెక్క అరగదీస్తారు, అలాంటిది రీలు పళ్ళలో చేరితే ఏమవుతుందో మోటారు విప్పేవాడికి వేరే చెప్పక్కర్లేదు. రెండు రీళ్ళూ విప్పి, తుడిచి, గ్రీజు మార్చాను.

మార్చాల్సినవి: గుండు కాళ్ళు చేతి గాలాలకి ఇంకో సెంటీమీటరు తగ్గించాలి, పిల్లలకి ఇప్పటికీ బరువే. స్టాండు అడుగున నీళ్ళు పోవడానికి కన్నాలు పెట్టాలి. సీసాలకి బదులు 75 మిల్లీమీటర్ల పైపు ముక్కలు వాడితే దారం ఇంకా సాఫీగా జారుతుంది. నాచుకి మందు లేదు. అమ్మాయికి కొత్త గజ్జెలు కొనాలి, విషయం బయటపడింది.

బావ పొద్దున్నే ఫోను చేసి 14 అడుగుల రాడ్ ధర కనుక్కోమన్నాడు. కనుక్కున్నాను. కొనేది ఆయనైతే నాకేం అభ్యంతరం లేదు.